డార్విన్ గారి కడుపునొప్పి

మగవాడికి తలనొప్పి వస్తే ఇంట్లో టీవీ కట్టేస్తారు. ఆడదానికి తలనొప్పి వస్తే ఆ పూట కాఫీ ఓ పావుగంట ఆలస్యమవుతుంది. ఈ సూత్రం మన దేశానికే సొంతమని చాలాకాలం అనుకున్నాను. చరిత్ర పుస్తకాలు తిరగేస్తున్నకొద్దీ ఇంగ్లండులోనూ ఇదే తంతని తేలింది. అదీ ఎవరింట్లోననుకున్నారు? జీవరాశి పుట్టుక గురించి ప్రపంచానికంతటికీ కొత్త పాఠం చెప్పిన ఛార్లెస్ డార్విన్ గారింట్లో!

డార్విన్ అనగానే మనకి తెల్లటి గడ్డమూ, పక్కనో కోతిబొమ్మా గుర్తొస్తాయి. ఆ గడ్డం వెనక దాదాపు నలభై ఏళ్లు వదలని జబ్బుందని చాలామందికి తెలియదు. ఆ జబ్బు వెనక అన్నేళ్లూ నిలబడ్డ ఇల్లాలుందని మరీ తక్కువమందికి తెలుసు. ఆవిడ పేరు ఎమ్మా.

వాళ్లది మేనరికం. ఎమ్మా డార్విన్‌కి స్వయానా మేనమామ కూతురు. పింగాణీ సామాన్లకి పేరుపడ్డ వెడ్జ్‌వుడ్‌ల ఆడపడుచు. వరసకి మరదలే గాని, ఆయనకన్నా తొమ్మిది నెలలు పెద్దది. ఆవిడ 1808 మే నెలలో పుడితే, ఆయన 1809 ఫిబ్రవరిలో పుట్టాడు. పెళ్లి చేసుకోవాలా, వద్దా అని తేల్చుకోడానికి డార్విన్ 1838లో ఓ కాగితం మీద రెండు గళ్లు గీసి లాభనష్టాలు రాసుకున్నాడు. పెళ్లి చేసుకుంటే ముసలితనంలో తోడుంటుంది, ఎంత లేదన్నా కుక్కపిల్లకన్నా నయం. చేసుకోకపోతే పుస్తకాలకి డబ్బు మిగుల్తుంది, కాలం వృథా కాదు—ఇదీ వరస. కుక్కపిల్లతో పోల్చినందుకు మనం కోప్పడొచ్చు గాని, అదే కాగితంలో ఇంకోమాట కూడా ఉంది. సంగీతమూ, ఆడవాళ్ల కబుర్లూ ఒంటికి మంచివట! పాపం, ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పటికి ఆయనకే తెలియదు. 1839 జనవరి 29న పెళ్లయింది.

పెళ్లినాటికే ఆయనకి ఒంట్లో బాగుండటం లేదు. అసలు కథ ఇంకా ముందే మొదలైంది. 1831 చివర్లో, బీగిల్ అనే ఓడ ఎక్కి ప్రపంచం చుట్టిరావడానికి రేవులో ఎదురుచూస్తున్నప్పుడే ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడికి గుండెదడ పట్టుకుంది. గుండెజబ్బేమోనని హడలిపోయాడు. మరి డాక్టరు దగ్గరకి వెళ్లాడా? వెళ్లలేదు. వెళితే ప్రయాణానికి పనికిరావంటాడేమోనని భయం. ఆ సంగతి తనే ముసలితనంలో రాసుకున్నాడు. “ఈ నెల ఆఫీసులో పనెక్కువగా ఉంది, వచ్చేనెల చూపించుకుంటాలే” అనే మాట మీ ఇంట్లో వినపడితే, అది ఓ మహాశాస్త్రవేత్త నడిచిన దారేనని సరిపెట్టుకోండి. సరిపెట్టుకుని ఊరుకోకండి సుమా, డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి.

ఓడ 1836లో తిరిగొచ్చింది. ఆ తర్వాత రకరకాల బాధలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. కడుపులో వాయువు, వాంతులు, గుండెదడ, తలతిప్పు, వణుకు, చర్మం మీద పొక్కులు, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం. సాయంత్రం ఎవరైనా స్నేహితులొచ్చి ఓ గంట ఉత్సాహంగా మాట్లాడి వెళితే చాలు, ఆ రాత్రంతా వాంతులే. లండన్ సందడి పడదని 1842లో కెంట్ జిల్లాలోని డౌన్ అనే పల్లెటూరికి కాపురం మార్చారు. ఆ ఇంట్లోనే చివరిదాకా ఉన్నారు.

ఇంతకీ ఆయన జబ్బేమిటి? డాక్టర్లు మారారు, మందులు మారాయి, జబ్బు పేరు మాత్రం తేలలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా తేలలేదు. దక్షిణ అమెరికాలో ఓ పురుగు కుట్టి అంటించిన చాగాస్ జబ్బని 1959లో సాల్ ఆడ్లర్ అనే శాస్త్రజ్ఞుడు ఊహించాడు. ఆ పురుగు కుట్టినమాట నిజమే. 1835లో అర్జెంటీనాలో కుట్టిందని డార్విన్ తన యాత్రాకథనంలో రాశాడు. అయితే గుండెదడ ఓడెక్కకముందే ఉందిగా! పాలు పడని ఒంటితత్వమని కొందరు, విపరీతమైన ఆందోళన వల్ల వచ్చే జబ్బని మరికొందరు అన్నారు. ఒక్కటి మాత్రం చాలామంది ఒప్పుకుంటారు. మనసు మీద బరువు పెరిగినప్పుడల్లా ఆయన జబ్బు కూడా పెరిగింది.

ఆ బరువు తక్కువదేం కాదు. దేవుడు ఒక్కొక్క జీవినీ విడివిడిగా సృష్టించాడని నమ్మే దేశంలో, “కాదు, ఒకదాన్నించి ఒకటి మారుతూ వచ్చాయి” అని చెప్పాలి. తన అనుమానం 1844లో ఓ స్నేహితుడికి రాస్తూ, హత్య చేసి ఒప్పుకుంటున్నట్టుందన్నాడు. అదే సంవత్సరం జూలై 5న భార్యకో ఉత్తరం రాసిపెట్టాడు. తను హఠాత్తుగా పోతే, ఈ సిద్ధాంతం గురించి రాసిన వ్యాసాన్ని అచ్చు వేయించమనీ, అందుకు 400 పౌన్లు ఖర్చుపెట్టమనీ, మంచి సంపాదకుణ్ణి వెతకమనీ అందులో ఉంది.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఎమ్మా స్థానంలో మనల్ని మనం నిలబెట్టుకుని చూద్దాం. ఆవిడ దైవభక్తి గల మనిషి. పెళ్లయిన కొత్తలోనే భర్తకి ఉత్తరం రాసింది—మీ శాస్త్రపరిశోధన మిమ్మల్ని దేవుడికి దూరం చేస్తుందేమోనని బెంగగా ఉందని. చచ్చిపోయాక కూడా ఇద్దరం కలిసుండాలన్నది ఆవిడ ఆశ. ఆయన నమ్మకం పోగొట్టుకుంటే ఆ ఆశ ఏం కాను? డార్విన్ ఆ ఉత్తరాన్ని పారేయలేదు. జన్మంతా దాచుకున్నాడు. నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అన్న అర్థం వచ్చేలా దానిమీదే రాసిపెట్టాడు.

అంటే భర్తని జబ్బుమనిషిని చేస్తున్న పనీ, తన నమ్మకాన్ని కదిలిస్తున్న పనీ ఒకటే. “ఆ రాతకోతలు కట్టిపెట్టండి, ఒళ్లు బాగుపడుతుంది” అని ఆవిడ అంటే తప్పుపట్టేవాళ్లెవరు? ఆవిడ ఆ మాట అనలేదు. 1844 నాటి ఆ వ్యాసం చదివి, ఎక్కడెక్కడ సరిగ్గా అర్థం కావడంలేదో, ఎక్కడ ఒప్పుకోలేకపోతోందో అంచుల్లో రాసిచ్చింది. ఆ పనే లేకపోతే ఈ మనిషి బతకడని ఆవిడకి తెలిసిపోయింది కాబోలు.

1848 నవంబరులో డార్విన్ తండ్రి పోయాడు. ఆయనా పేరున్న వైద్యుడే. ఆ శీతాకాలం డార్విన్ మరీ దిగజారిపోయాడు. ఎవరో నీటివైద్యం గురించి చెప్పారు. 1849 మార్చిలో పిల్లల్నీ, నౌకర్లనీ వెంటబెట్టుకుని సంసారమంతా మాల్వెర్న్ అనే ఊరికి తరలింది. అక్కడి వైద్యుడి పేరు డాక్టర్ గల్లీ. పేరు చూసి నవ్వకండి, ఆ రోజుల్లో ఆయన దగ్గరకి గొప్పగొప్పవాళ్లే వెళ్లేవారు. పొద్దున్నే లేపి చన్నీళ్లు పోసి గరుకు తువాలుతో ఒళ్లు ఎర్రబడేలా రుద్దడం, పొట్టకి తడిగుడ్డ చుట్టి దాన్ని రోజంతా మారుస్తూ ఉండటం, చన్నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూచోబెట్టడం ఆ వైద్యంలో భాగాలు. చక్కెర, వెన్న, మసాలాలు బంద్. పైగా హోమియోపతి మాత్రలు. వాటిమీద డార్విన్‌కి ఆవగింజంత నమ్మకం లేదు. అయినా బుద్ధిగా మింగాడు! జూన్ చివరిదాకా అక్కడే ఉన్నారు. కొంత గుణం కనిపించింది. ఇంటికొచ్చాక తోటలో చన్నీళ్ల తొట్టీ, పైనించి నీళ్లు పడే ఏర్పాటూ కట్టించుకుని వైద్యం సాగించాడు.

అప్పటినుంచి 1855 దాకా ఆయన ఆరోగ్యానికో డైరీ పెట్టాడు. పగలు ఎలా ఉంది, రాత్రి ఎలా ఉంది, వాయువు ఎన్నిసార్లు బాధపెట్టింది—అన్నీ లెక్క. మంచిరోజుకో గుర్తు, చాలా మంచిరోజుకి ఇంకో గుర్తు. ఎమ్మా కూడా చిన్నప్పటినుంచీ చిన్న జేబు డైరీలు రాసేది. అవి ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో కవిత్వం లేదు, కన్నీళ్లు లేవు. ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, ఆయనకి ఎలా ఉంది, ఎవరొచ్చారు—ముక్తసరిగా నాలుగు మాటలు.

ఆ రోజుల్లో పరీక్షలంటే నాడి చూడటం, నాలుక చూడటం. 1816లో ఫ్రాన్సులో లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపు ఒకటుంది. అంతే. పొట్టలోకి చూసే గొట్టం లేదు, గుండె గీతలు గీసే యంత్రం లేదు. ఎక్స్‌రేని రంట్‌జన్ 1895లో కనుక్కున్నాడు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనాన్ని ఇటలీలో రివా-రోచ్చి 1896లో వివరించాడు. ఎమ్మా సరిగ్గా ఆ 1896లోనే, అక్టోబరులో కన్నుమూసింది. ఈసీజీ ఆ తర్వాత వచ్చింది. దాన్ని తయారుచేసిన ఐంథోవెన్‌కి 1924లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒంటిమీద ఎలాంటి దెబ్బ తగిలినా శరీరం ఒకే రకంగా అల్లాడుతుందని హాన్స్ సెల్యే 1936లో రాశాడు. ‘స్ట్రెస్’ అనే మాటని తర్వాత వైద్యంలో స్థిరపరచిందీ ఆయనే. అంటే భర్త జబ్బుని పిలవడానికి ఎమ్మాకి ఒక పేరైనా లేదన్నమాట. ఆవిడకున్న పరీక్ష సాధనాలల్లా రెండు కళ్లూ, ఓ చిన్న డైరీ.

ఇప్పుడు మనకి అన్నీ ఉన్నాయి. రక్తం, ఈసీజీ, ట్రెడ్‌మిల్, ఎండోస్కోపీ. పరగడుపున తీసుకెళ్లాలి, ఫైలు మోయాలి, వరసలో కూచోవాలి, రిపోర్టు వచ్చేదాకా రెండ్రోజులు గుండె చిక్కబట్టుకోవాలి. తీరా రిపోర్టు చేతికొచ్చాక డాక్టరు, “అన్నీ నార్మలేనమ్మా, ఇదంతా టెన్షన్” అంటాడు. అప్పుడు చూడండి అసలు చిక్కు! ఏమీ లేదన్నందుకు సంతోషించాలా? మరి ఆ నొప్పి మాటేమిటి? “ఏమీ లేదట కదా, ఇంకా మూలుగుతారేం?” అని నోటిదాకా వస్తుంది. రిపోర్టులో లేని నొప్పి ఉన్నవాడికి తను అబద్ధాలకోరునేమో అన్న అనుమానం మొదలవుతుంది. అది అసలు జబ్బుకన్నా పెద్దజబ్బు.

ఎమ్మా జీవితంలో నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఆయన బాధని ఆవిడ శంకించలేదు. నమ్మింది. దూరంగా ఉన్నప్పుడు ఆయన రాసిన ఉత్తరాల్లో ఆవిడని ‘మమ్మీ’ అని పిలిచి, నీ పక్కనుంటేనే నాకు ధైర్యమని బేలగా చెప్పుకున్నాడు. అయితే ఆవిడ ఆ జబ్బుకి ఇంట్లో ఓ గదిచ్చింది గాని, ఇల్లంతా రాసివ్వలేదు. రోజుకో పద్ధతి ఏర్పరచుకున్నారు. పొద్దున్న ఎనిమిదినుంచి తొమ్మిదిన్నరదాకా పని. తర్వాత సోఫాలో పడుకుంటే ఆవిడ ఉత్తరాలో, నవలో చదివి వినిపించేది. మళ్లీ పని. మధ్యాహ్నం తోటచివర ఇసకబాట మీద నడక. మూడింటికి మళ్లీ విశ్రాంతి, మళ్లీ నవల. రాత్రి భోజనం కాగానే బ్యాక్‌గామన్ ఆట, రోజుకి రెండు ఆటలు. ఆ తర్వాత ఆవిడ పియానో వాయించేది.

ఆ ఆటకీ లెక్కలున్నాయి! 1876లో డార్విన్ అమెరికాలోని స్నేహితుడికి రాస్తూ, ఎమ్మా 2,490 ఆటలు గెలిచిందనీ, తను 2,795 గెలిచాననీ గొప్పలు పోయాడు. నాకు ఆ అంకెలు చూస్తే నవ్వూ, కళ్లలో నీళ్లూ ఒకేసారి వస్తాయి. మొత్తం 5,285 ఆటలు. అన్ని ఆటలకీ ఆవిడ ఎదురుగా కూచుంది. వాంతి అయిన రోజూ, కాని రోజూ.

ఇక నవలల సంగతి. నవలలు రాసేదాన్ని కాబట్టి ఈ విషయం చెప్పకుండా ఉండలేను. నవల సుఖాంతం కావాలని డార్విన్ పట్టుదల. విషాదాంత నవలలకి వ్యతిరేకంగా చట్టం చెయ్యాలని ఆత్మకథలో రాశాడు! మన సీరియల్ పాఠకులు రాసే ఉత్తరాల్లాగే ఉంది కదూ? ప్రకృతిలో నిత్యం జరిగే పోరాటాన్ని అంత నిష్కర్షగా చూసిన మనిషికి, సాయంత్రంపూట ఓ పిల్లకీ పిల్లాడికీ పెళ్లయితే చాలు. ఏ మందూ పట్టని ఒంటికి భార్య గొంతుతో విన్న కథ పట్టిందంటే నేను నమ్ముతాను.

భర్తని సెలవుకి పంపించడం కూడా ఎమ్మా పనే. తల బరువెక్కిందని కనిపెట్టగానే ఎక్కడికైనా ప్రయాణం కట్టించేది. ఆయన బేరాలాడేవాడట—ఆరు రోజులు వద్దు, ఐదు రోజులు చాలని. కూరగాయల దగ్గర మనం చేసే బేరాలు ఆయన విశ్రాంతి దగ్గర చేశాడు.

ఇదంతా చదివి, ఆవిడకేం, పనిమనుషులున్న జమీందారీ ఇల్లు అనుకోకండి. పదిమంది పిల్లల్ని కంది. ఆఖరి కాన్పునాటికి నలభై ఎనిమిదేళ్లు. ముగ్గురు చిన్నప్పుడే పోయారు. పదేళ్ల ఆనీకి జబ్బుచేస్తే డార్విన్ నీటివైద్యానికి మాల్వెర్న్ తీసుకెళ్లాడు. ఎమ్మా నిండు గర్భిణి, కదలలేక ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ ఉత్తరాలు రాసుకున్నారు. 1851 ఏప్రిల్ 23న పిల్ల పోయింది. తల్లి కడసారి చూపుకి నోచుకోలేదు. మూడు వారాలకి ఇంకో బిడ్డ పుట్టాడు. మేనరికం వల్లే పిల్లలకి ఈ అనారోగ్యాలేమోనని డార్విన్‌ని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు దిగులు తిన్నది. వాలెస్ అనే మరో శాస్త్రజ్ఞుడు అదే సిద్ధాంతం రాసి పంపితే, అది 1858 జూన్‌లో అందింది. ఆ నెల 28న ఏడాదిన్నర పసివాడు జ్వరంతో పోయాడు. జూలై 1న లండన్‌లో ఇద్దరి సిద్ధాంతాన్నీ సభలో చదువుతుంటే డార్విన్ అక్కడ లేడు. 1859 నవంబరు 24న ఆయన మహాగ్రంథం వెలువడినప్పుడు కూడా ఇల్క్‌లీ అనే ఊళ్లో నీటివైద్యంలోనే ఉన్నాడు.

మరి ఎమ్మాకి తలనొప్పి వస్తే? వచ్చేది. తరచుగానే వచ్చేది. డైరీలో దానికీ ఓ ముక్క రాసుకునేది. అంతే. దానికి ఊళ్లు మారడాలూ, నీటితొట్టెలూ లేవు.

ఎమ్మాని అందరూ మెచ్చుకోలేదని కూడా చెప్పాలి. మనవరాలు గ్వెన్ రావెరా 1952లో ‘పీరియడ్ పీస్’ అనే పుస్తకంలో ఆ ఇంటి సంగతులు సరదాగా రాసింది. ఆ కుటుంబంలో జబ్బుపడటం ఓ గొప్పతనంగా ఉండేదట. బామ్మ చేతి సేవలు అంత హాయిగా ఉండటం కూడా అందుకో కారణమని చమత్కరించింది. ఇది కొట్టిపారేసే మాట కాదు. మనింట్లో కూడా, “పాపం ఆయనకి బాగాలేదు” అన్నమాట పదేపదే వింటే, ఆయనకీ అది అలవాటవుతుంది, పిల్లలకీ అలవాటవుతుంది. ప్రేమగా చేసే సేవ ఎప్పుడు మందవుతుందో, ఎప్పుడు జబ్బుకి పాలుపోసి పెంచడమవుతుందో తెలుసుకోవడం కష్టం.

నా మట్టుకు నాకు ఎమ్మా ఆ గీత దాటలేదనిపిస్తుంది. ఎంచేతంటే ఆవిడ నీడలో డార్విన్ సోఫాకే అతుక్కుపోలేదు. రోజుకి మూడు నాలుగు గంటలకన్నా పని చెయ్యలేని మనిషి పుస్తకం వెంట పుస్తకం రాశాడు. ఆవిడా ఆయన మంచానికే కట్టుబడిపోలేదు. ఊళ్లో రోగులకి మందులిచ్చింది, పిల్లలకి పుస్తకాలిచ్చింది. జంతువుల కాళ్లు విరిచే ఇనప ఉచ్చులకి వ్యతిరేకంగా 1863లో భర్తతో కలిసి ప్రచారం చేసింది. సేవ చేసే మనిషికి సేవ తప్ప వేరే లోకం లేకపోతే ఆ ఇంట్లో ఇద్దరు రోగులు తయారవుతారు. ఆవిడ ఆ ప్రమాదం తప్పించుకుంది.

చివరికి నిజంగానే గుండెజబ్బు వచ్చింది. ఇరవై రెండేళ్లప్పుడు భయపడ్డ గుండె, డెబ్భై మూడేళ్లదాకా ఆయన్ని మోసుకొచ్చింది! 1882 ఏప్రిల్ 19న, భార్యా పిల్లలు పక్కనుండగా డార్విన్ పోయాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మహామహుల మధ్య సమాధి చేశారు. ఎమ్మా ఆ ఊరేగింపుకి వెళ్లలేదు. డౌన్‌లోనే ఉండిపోయింది. దేశానికి కావలసిన డార్విన్ అక్కడికెళ్లాడు. ఆవిడ డార్విన్ ఆ సోఫా మీదా, ఆ ఇసకబాట మీదా, ఆటబల్ల దగ్గరా ఉన్నాడు.

రేపు మీ ఆయన రిపోర్టు అందుకుని, అందులో ఏ తప్పూ కనపడక, ఆయన ముఖంలో మాత్రం బాధ కనిపిస్తే, ఏం చెయ్యాలో తోచకపోవడం సహజం. ఓ చిన్న పుస్తకం తీసి, ఎప్పుడు నొప్పి వచ్చిందో, అంతకుముందు ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసిపెట్టండి. మళ్లీసారి డాక్టరుకి అది చూపించండి. మీ తలనొప్పి కూడా అందులోనే ఓ వరసలో రాసుకోండి. ఎమ్మా రాసిందంటే రాసింది గాని, ఆ వరస ఎవరికీ చూపించలేదు. మీరు చూపించండి.